పిల్లల స్కూల్ హడావిడిలో మన విశ్వాసాన్ని నలుగురితో ఎలా పంచుకుంటున్నారు?

ప్రశ్న

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నాకు ఇద్దరు పిల్లలు. పాప ఏడో తరగతి, బాబు మూడో తరగతి. మా ఆయనా నేనూ ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పొద్దున లేచింది మొదలు స్కూల్ బస్సు వచ్చేదాకా ఒకటే పరుగు. సాయంత్రం హోంవర్కు, డైరీలో సంతకాలు, మర్నాటికి బ్యాగులు సర్దడం. పిల్లలు పడుకునేసరికి నాకూ కళ్ళు మూతలు పడుతుంటాయి.

ఈ మధ్య మా స్త్రీల కూడికలో సాక్ష్యం గురించి, అంటే మన విశ్వాసాన్ని ఇతరులతో పంచుకోవడం గురించి మాట్లాడుకున్నాం. కొందరు సిస్టర్లు ఇంటింటికీ వెళ్ళి సువార్త చెప్తున్నారు, హాస్పిటల్లో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థిస్తున్నారు. వాళ్ళను చూస్తే చాలా సంతోషంగా ఉంటుంది. నాకూ ఆ భారం, అంటే అలా చెయ్యాలన్న తపన ఉంది. కానీ నా రోజులో నేను కలిసేది ఎవరిని? బస్సు దగ్గర నిలబడే తల్లులు, ట్యూషన్ దగ్గర కనిపించేవాళ్ళు, క్లాసు వాట్సాప్ గ్రూపు. అంతే.

వాళ్ళలో ఒకావిడ మా పాప ఫ్రెండ్ వాళ్ళమ్మ. మన విశ్వాసం కాదు. మొన్న బస్సు కోసం నిలబడ్డప్పుడు, నేను వంగి మా వాడి షూ లేసు కడుతుంటే, "మా అమ్మకి వచ్చే వారం గుండె ఆపరేషన్ అండీ, నిద్ర పట్టట్లేదు" అంది. లేచి ఆవిడ చెయ్యి పట్టుకునేలోపే బస్సు వచ్చేసింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ పెద్దావిడ కోసం ప్రార్థన చేస్తున్నాం. ఆ మాట ఆవిడతో చెప్పవచ్చా? కష్టంలో ఉన్నప్పుడు చూసి మతం గురించి మొదలుపెట్టింది అనుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇంకొకటి. "ప్రార్థన చేస్తే ఆపరేషన్ బాగా జరుగుతుంది కదా? జరగకపోతే మనం ఏం చెప్పాలి?" అని మా పాప అడుగుతోంది. మీ పిల్లలు ఇలా అడిగితే మీరేం చెప్తారు?

జవాబు 1

వందనాలు సిస్టర్. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన రాత్రి పెట్టుకుంటే ఎవరో ఒకరు నిద్రపోయేవాళ్ళు. అందుకే పొద్దున గుమ్మం దగ్గరికి మార్చాం. బ్యాగు భుజాన వేసుకున్నాక ఇద్దరు పిల్లల తలమీదా చెయ్యి పెట్టి ఒక్క నిమిషం ప్రార్థన. ఈ రోజు ఎవరి కోసం అన్నది మాత్రం పిల్లలే చెప్పాలి. ఒకరోజు బస్సు డ్రైవర్ అంకుల్, ఒకరోజు క్లాసులో ఎవరూ మాట్లాడని ఒక అబ్బాయి. ఆ అబ్బాయి పేరు చెప్పిన రోజు సాయంత్రం మావాడు వచ్చి, "లంచ్‌లో వాడి పక్కన కూర్చున్నా నాన్నా" అన్నాడు. నేను కూర్చోమని చెప్పలేదు.

జవాబు 2

అమ్మా, వందనాలు. నేను టీచరుగా చేసి రిటైరయ్యాను. మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు తల్లీ.

ద్వితీయోపదేశకాండము 6:7లో దేవుని మాటల గురించి పిల్లలతో ఎప్పుడు మాట్లాడాలో ఉంది కదా. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఈ నాలుగూ నీ రోజులో ఉన్నవే. బస్సు దాకా నడిచే దారి కూడా అందులోదే. దానికోసం వేరే గంట వెతుక్కోనక్కర్లేదు.

సుసన్నా వెస్లీ సంగతి నాకెప్పుడూ గుర్తొస్తుంటుంది. మెథడిస్టు అనే క్రైస్తవ ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లి. ఆమెకు 19 మంది పుడితే, పసితనం దాటి బతికింది 10 మందే. పిల్లలకు చదువు చెప్పింది కూడా ఆమే, ఇంట్లోనే. అంత పనిలోనూ వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడేది. గురువారం జాన్ వంతు, శనివారం చార్లెస్ వంతు. పెద్దయ్యాక జాన్, ఆ గురువారం సాయంత్రాల్లో తనకిచ్చినంత సమయం మళ్ళీ ఇవ్వమని తల్లికి ఉత్తరం రాశాడు.

నీ ప్రశ్నకు దగ్గరగా ఉండేది ఇంకొకటుంది. 1712లో ఆమె భర్త లండన్‌లో ఉన్నప్పుడు, ఆదివారం సాయంత్రాలు ఇంట్లో పిల్లలకూ పనివాళ్ళకూ ప్రార్థనలు చదివి, ప్రసంగం చదివి వినిపించేది. ఆ సంగతి తెలిసి చుట్టుపక్కలవాళ్ళు మేమూ వస్తామన్నారు. చివరికి 200 మందికి పైగా వచ్చారని ఆమే భర్తకు రాసింది. ఆమె ఎవరింటికీ వెళ్ళి పిలవలేదు. తన పిల్లల కోసం మొదలుపెట్టింది, వాళ్ళే వచ్చారు.

ఇక మీ పాప ఫ్రెండ్ వాళ్ళమ్మ విషయం. ముందు "అమ్మగారికి ఎలా ఉంది, ఆపరేషన్ ఏ రోజు" అని అడుగు. ఆ రోజు వాళ్ళ పాపను మీ ఇంటికి తీసుకొస్తానని చెప్పు. హాస్పిటల్లో ఉన్నన్ని రోజులూ ఆ పిల్ల హోంవర్కు, నోట్స్ మీ పాప చూసుకోగలదు. ఆ తర్వాత, "మేము మీ అమ్మగారి కోసం ప్రార్థన చేస్తున్నామండీ" అని ఒక్క మాట. అక్కడితో ఆపు. ఆవిడ ఇంకేమైనా అడిగితే చెప్పు. 1 పేతురు 3:15లో అడిగేవారికి సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు, అదీ సాత్వికంతో.

టీచరుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ పాప మీ ఇంట్లో ఉన్నప్పుడు వాళ్ళ అమ్మానాన్నలకు తెలియకుండా ఆ పిల్లకు సువార్త చెప్పడం, ప్రార్థన చేయించడం వద్దు. తల్లి మనల్ని నమ్మి బిడ్డను పంపింది, ఆ నమ్మకం పోగొట్టుకోకూడదు. పెద్దవాళ్ళతో చెప్పాల్సింది పెద్దవాళ్ళతోనే చెప్పాలి.

మీ పాప అడిగిన దానికి నేనైతే దానియేలు 3వ అధ్యాయం చదివి వినిపిస్తాను. రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కని షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండం ముందు నిలబడి, మా దేవుడు రక్షించగల సమర్థుడు అని రాజుతో అన్నారు. ఆ వెంటనే, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. రెండు మాటలూ చదివించు. ఏడో తరగతి పిల్లకు అర్థమవుతుంది. "తప్పకుండా నయమవుతుంది" అని మాత్రం మాటివ్వకు, ఆ మాట మన చేతిలో లేదు.

జవాబు 3

టీచరమ్మగారు చెప్పింది చాలా బాగుంది. ఒక్క దగ్గర నా అభిప్రాయం కొంచెం వేరు. "మన బ్రతుకే సాక్ష్యం, మాట అక్కర్లేదు" అనుకుని చాలామంది ఏళ్ళ తరబడి నోరు విప్పరు. వినకుండా ఎలా విశ్వసిస్తారని రోమా 10:14లో పౌలు అడుగుతున్నాడు. సహాయం చేసేవాళ్ళు అన్ని విశ్వాసాల్లోనూ ఉన్నారు. మనం ఎందుకు చేస్తున్నామో, ఎవరిని నమ్ముకున్నామో ఎప్పుడో ఒకప్పుడు మాటల్లో చెప్పాలి కదా.

మార్కు 5లో దయ్యాలు వదిలిన మనిషి దోనె దగ్గరికి వచ్చి, నేనూ నీతో వస్తానని యేసును బతిమాలాడు. ప్రభువు రానివ్వలేదు. నీ ఇంటికి వెళ్ళు, నీవాళ్ళతో ప్రభువు నీకు చేసింది చెప్పు అన్నాడు. సిస్టర్, ఇంటింటి సేవకు వెళ్ళలేకపోతున్నానని మీరు బాధపడుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. ఇంటికి పంపడం కూడా ఆయన పంపడమే.

మీ సొంత సాక్ష్యం రెండు నిమిషాల్లో చెప్పగలిగేలా ఒకసారి కాగితం మీద రాసి చూసుకోండి. మన కూడికల్లో వాడే మాటలు, అంటే "రక్షణానుభవం", "ఆత్మీయ మేలులు" లాంటివి, బయటివాళ్ళకు తెలియవు. వాటిని తీసేసి, మీ భయం ఏమిటి, యేసయ్య మీకేం చేశాడు అన్నది మామూలుగా రాయండి.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి పాప, నేను కలిసి దానియేలు 3 చదివాం. "అంటే వాళ్ళకి కూడా ముందే తెలీదన్నమాట" అంది. ఇవాళ బస్సు దగ్గర ఆవిడతో ప్రార్థన మాట చెప్పాను. ఏమీ అనలేదు, తల ఊపింది. వాళ్ళ పాపను ఆపరేషన్ రోజు మా ఇంటికి పంపుతానంది.

జవాబు 4

నేను అవతలి వైపు నుంచి రాస్తున్నానండీ. నేను పుట్టింది క్రైస్తవ కుటుంబంలో కాదు. మా అబ్బాయి క్లాస్‌మేట్ వాళ్ళమ్మ ద్వారా ప్రభువును తెలుసుకున్నాను.

మా నాన్నగారికి బాగోలేనప్పుడు ఆవిడ, "మీకు అభ్యంతరం లేకపోతే ప్రార్థన చేయనా?" అని అడిగింది. అడిగింది కాబట్టే సరే అన్నాను. నాన్నగారు బతకలేదు. ఇక ఆవిడ ముఖం చాటేస్తుందనుకున్నాను. రెండో రోజే వచ్చింది, వంటింట్లో గిన్నెలన్నీ కడిగింది, మా వాడికి యూనిఫాం ఇస్త్రీ చేసింది. చర్చికి రమ్మనలేదు, వాక్యాలు ఫార్వర్డ్ చేయలేదు. చాలా నెలల తర్వాత, "మీ ప్రార్థన వినలేదు కదా, మరి మీరెలా నమ్ముతున్నారు?" అని నేనే అడిగాను. అప్పుడు చెప్పింది, ఏడుస్తూనే చెప్పింది.

కాబట్టి సిస్టర్, ఆవిడ తల ఊపి ఊరుకుందని దిగులు పడకండి. ఆ పరిస్థితిలో మాట రాదు. ఆపరేషన్ సంగతి క్లాసు గ్రూపులో పెట్టకండి, విడిగా ఫోన్ చేయండి. మొదటి రెండు మూడు రోజులు అందరూ అడుగుతారు. డిశ్చార్జ్ చేసి ఇంటికి తెచ్చాక ఎవరూ అడగరు, ఇంట్లో పని మాత్రం అప్పుడే ఎక్కువ. ఆ వారం వాళ్ళ పాపను సాయంత్రాలు మీ దగ్గర ఉంచుకోగలిగితే ఆవిడకు చాలా సాయం.