అప్‌డేట్: వారంటీ కారుకు 0డబ్ల్యూ-20 ఆయిలా, 5డబ్ల్యూ-30 ఆయిలా? తేలిపోయింది

నెల కింద అడిగాను: మాది నల్లగొండ, రెండేళ్ల పెట్రోలు కారు, వారంటీ ఇంకా ఉంది. మాన్యువల్‌లో ఇంజన్ ఆయిల్ గ్రేడ్ 0డబ్ల్యూ-20 అని ఉంటే, తెలిసిన మెకానిక్ అన్న "మన ఎండలకు అది నీళ్లలా పలచన, 5డబ్ల్యూ-30 పోయించు" అన్నాడు. పైగా పొద్దున స్టార్ట్ చేస్తే టిక్‌టిక్ శబ్దం. చాలా టెన్షన్ పడ్డాను.

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "మాన్యువల్ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి" అన్న సలహానే పనిచేసింది.

అక్కడి అడ్వైజర్ ఓపికగా చెప్పారు. డబ్ల్యూ ముందు అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. వెనక అంకె 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం. బయట 44 డిగ్రీలున్నా ఇంజన్ లోపలి వేడిని కూలెంట్, థర్మోస్టాట్ అదుపులో ఉంచుతాయి. అందుకే మా ఎండల కోసం గ్రేడ్ మార్చనక్కర్లేదు. మా మాన్యువల్ పట్టికలో కూడా అదే ఉంది. మీ కారుది మీ మాన్యువల్‌లోనే చూడండి.

కారు కంపెనీ పేరున్న డబ్బానే కొనాలా అనీ అడిగాను. గ్రేడ్, ఏపీఐ ఎస్‌పీ (డబ్బా మీద ఉండే ఆయిల్ నాణ్యత ప్రమాణం) రెండూ సరిపోతే వేరే బ్రాండ్ పరవాలేదు, బిల్లు, కిలోమీటర్ల రీడింగ్ దాచుకోవాలి అని మెయిల్‌లో రాసిచ్చారు. గ్రేడ్ తప్పి ఇంజన్‌కు ఏదైనా అయితే క్లెయిమ్ దగ్గర చిక్కు రావచ్చట.

శబ్దానికి ఆయిల్‌తో సంబంధమే లేదు. సైలెన్సర్ మీది హీట్ షీల్డ్ (వేడిని అడ్డుకునే రేకు) బోల్టు వదులైంది, బిగించగానే పోయింది.