మసేవలిస్త్లి: ఆటా, నోమా?

ప్రశ్న: మెక్సికోలో సంప్రదాయ నృత్య బృందాలు తమ ఆటను అక్కడి ఆదివాసుల నావాట్ల్ భాషలో ‘మసేవలిస్త్లి’ అంటున్నాయి. తెలుగులో ‘నృత్యం’ అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. ఆ భాషలో ఆటకు రెండు పేర్లున్నాయని 16వ శతాబ్దంలోనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి మోతొలినియా రాశాడు. వేడుకగా ఆడేది ‘నెతొతిలిస్త్లి’. పుణ్యకార్యమని దేవతల కోసం ఆడేది మసేవలిస్త్లి. మొలీనా అనే మరో సన్యాసి 1571 నావాట్ల్-స్పానిష్ నిఘంటువులో ‘మసేవ’ క్రియకు ‘ఆడు’ అనీ ఉంది, ‘కోరినది పొందు, దానికి తగు’ అనీ ఉంది. ముందు ‘త్ల’ చేర్చి ‘త్లమసేవ’ అంటే తపస్సు చేయడం.

మనకు దీనికి దగ్గరి మాట ‘నోచు’. నోము నోచడమూ, ‘ఆ భాగ్యానికి నోచుకోలేదు’ అనడమూ ఒక్క ధాతువే. వ్రతమూ ఫలమూ అందులోనే ఇమిడిపోయాయి. ‘మొక్కుబడి’ మాత్రం వద్దు. మొక్కు కోరిక తీరాక చెల్లించేది. పైగా ఇప్పుడా మాటకు శ్రద్ధలేని పని అనే అర్థం వచ్చేసింది. నేనైతే ‘ఆటనోము’ అంటాను.

మరో జవాబు: ‘ఆటనోము’ బాగుంది. కానీ ‘ఆడు’ అనే ‘మసేవ’కూ ‘తగు’ అనే ‘మసేవ’కూ ధాతువు ఒకటేనని మొలీనా రాతను బట్టి తేల్చకండి. ఆ రాతలో దీర్ఘాలూ లేవు, గొంతులో గాలి ఆపి పలికే హల్లుకు గుర్తూ లేదు. మనం ‘పలు’, ‘పాలు’ ఒకేలా రాస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఆ రెంటికీ గుర్తులు పెట్టింది 1645 నాటి కరోచీ వ్యాకరణం. ఆ పద్ధతి రాతతో సరిచూశాకే మాట్లాడాలి.

పలకడంలో తప్పు ఎక్కువగా ‘వ’ దగ్గర జరుగుతుంది. స్పానిష్ వర్ణక్రమంలో అక్కడ హెచ్, యూ, ఏ ఉంటాయి కాబట్టి ‘హువ’ అని చదివేస్తారు. ‘త్ల్’ ఒకే హల్లు. ఊనిక ‘లిస్’ మీద. ‘నా’ అనే ‘నొ’ ముందు చేరితే చివరి ‘త్లి’ పడిపోయి ‘నొమసేవలిస్’ అవుతుంది.

ప్రశ్న: కాళ్లకు కట్టే ‘అయొయొతెస్’ గజ్జెలేనా?

జవాబు: పని అదే, వస్తువు వేరు. మన గజ్జె లోహం, లోపల గుండు ఉంటుంది. ఇవి పచ్చగన్నేరు జాతి చెట్టు ఎండు టెంకలు. తోలు పట్టీ మీద వరసలుగా కడతారు, అడుగు వేస్తే ఒకదానికొకటి తగిలి మోగుతాయి. లోపలి పప్పు గుండెకు విషం. ‘కాయగజ్జెలు’ అంటే చదివేవారికి రూపం కళ్లకు కడుతుంది.