కంచే చేను మేస్తే: ఆ దీర్ఘం ఉండాలా, వద్దా?

మిణుగురు: "కంచే చేను మేస్తే" తర్వాత ఇంకో సగం ఉంది కదా, నోట్లో ఆడుతోంది గానీ పట్టుబడటం లేదు. "కాపేమి చేయు" అనా? ఆటోఇమ్యూన్ నరాల జబ్బులకూ (ఒంటి రక్షణే సొంత నరాల మీద తిరగబడేవి) టీకాలకూ ఉన్న సంబంధం మీద రాస్తున్న వ్యాసానికి శీర్షిక కావాలి.

నల్లేరు: "కాపేమి చేయగలడు" అని విన్నాను. కానీ చూడాల్సింది ఆ సగం కాదు, మొదటి మాటలో ఏకారం. "కంచె" అంటే జరిగింది చెప్పడం, "కంచే" అంటే నింద. గీయాన్-బారే అనే నరాల జబ్బునే తీసుకోండి, అందులో ద్రోహం ఎక్కడుంది? విరేచనాలు తెచ్చే కాంపైలోబాక్టర్ అనే క్రిమి పైపొరలోని చక్కెర గొలుసులకూ మన నరాల మీది గాంగ్లియోసైడ్లు అనే కొవ్వు-చక్కెర పదార్థాలకూ పోలిక ఉంది. క్రిమి కోసం పుట్టిన యాంటీబాడీ నరాన్ని పట్టుకుంటుంది. దీర్ఘం తీసేయండి.

ఇసుకదారి: తీస్తే సామెతలో ప్రాణం పోతుంది. అవధారణకి, అంటే నొక్కి చెప్పడానికి, నింద అక్కర్లేదు. "అన్నే వచ్చాడు" అంటే అన్నను తిట్టినట్టా?

తంగేడు: ఆ దీర్ఘం పూర్తిగా చెల్లేది సెంపుల్ రేబిస్ టీకాకి. 1911లో కసౌలీలో మొదలైంది. గొర్రె మెదడు కణజాలంతో చేసేవారు, అందులో మైలిన్, అంటే నరాల మీది తొడుగు పదార్థం, ఉండేది. దాంతో కొందరిలో ఒంటి రక్షణ సొంత మెదడు, వెన్నుపాము మీదికే తిరిగింది. ఇప్పటి రేబిస్ టీకాల్లో మెదడు కణజాలం లేదు. వ్యాసంలో ఈ ముక్క తప్పక రాయండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు, పాత భయంతో సూది మానకూడదు.

మిణుగురు: 1976 స్వైన్ ఫ్లూ టీకా సంగతి? అమెరికాలో 4 కోట్ల మందికి పైగా వేసుకున్నారు. లక్షకు సుమారు ఒక గీయాన్-బారే కేసు అదనంగా కనిపించి, డిసెంబరులో ఆపేశారు.

నల్లేరు: అందుకే దీర్ఘం వద్దంటున్నా. ఆ తర్వాతి ఫ్లూ టీకాల్లో అదనం ఉన్నా పది లక్షలకు ఒకటో రెండో. ఫ్లూ జ్వరం తర్వాత వచ్చే ముప్పు అంతకంటే ఎక్కువ. "కంచే" అని గొంతెత్తితే, చదివేవాళ్లు టీకాయే మేసిందనుకుంటారు.

ఇసుకదారి: అసలు మీ సామెతలో కంచె ఏది? టీకానా, రోగనిరోధక శక్తా? అది తేలకుండా ఏకారం మీద పేచీ ఎందుకు? పోతన దగ్గరికి వెళ్లండి. "లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె". కాళ్లలో మొదలై ఊపిరి కండరాల దాకా పాకే నీరసం కళ్లకు కట్టదూ? గజేంద్రుడికీ పట్టు కాలి దగ్గరే.

తంగేడు: "మూర్ఛ వచ్చె" కుదరదు. గీయాన్-బారేలో సాధారణంగా స్పృహ పోదు. వెంటిలేటర్ మీద ఉన్నా అన్నీ వినబడతాయి, పక్కన ఉన్నవాళ్లు ఇది తెలుసుకుని మాట్లాడాలి. అదే పద్యంలో ఆ వెంటనే వచ్చే "తనువున్ డస్సెన్" తీసుకోండి.

ఇసుకదారి: డయ్యు అంటే అలసిపోవడం, చచ్చుబడటం కాదు. అది మయస్థీనియా అనే ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బుకి అతుకుతుంది. అక్కడ వాడేకొద్దీ కండరం డస్సిపోతుంది, విశ్రాంతినిస్తే కొంత తేరుకుంటుంది. గీయాన్-బారేకి "లావొక్కింతయు" చాలు.

నల్లేరు: "ఒక్కింతయు" ఒప్పుకోను. చాలామందిలో ఎంతో కొంత బలం మిగిలే ఉంటుంది, ఎక్కువమంది వారాల్లో, నెలల్లో లేచి నడుస్తారు. గజేంద్రుడు కూడా ఆ మాటన్నాక నాలుగో పాదం దాకా పిలుస్తూనే ఉన్నాడు. అక్కడ "ఒక్కింతయు" లెక్క కాదు, ఆర్తి.

ఇసుకదారి: ఆర్తి "రావే యీశ్వర"లో ఉంది, "ఒక్కింతయు"లో కాదు. పద్యం మొత్తం మళ్లీ చదవండి.