ఏప్రిల్ 5 ఉగాది వేడుక: హాల్ ఇవ్వం అంటున్నారు, అందరూ ఈరోజే చూడండి

ట్రెజరర్ | గురువారం, సాయంత్రం 6:40
అందరికీ నమస్కారం. ఇంకా తొమ్మిది రోజులే ఉంది. మిగిలిన పనులు: రెండు వందల మందికి పులిహోర, ఉగాది పచ్చడి, పంచాంగ శ్రవణానికి మైకు, కారొలప్ బొమ్మల (ఒకప్పుడు ఇక్కడి ఆదివాసీ పిల్లలు వేసినవి, ఇప్పుడు కర్టిన్ యూనివర్సిటీలో ఉన్నాయి) ప్రింట్లు 20, వాటి సంరక్షణకి విరాళాల డబ్బా, పిల్లల డాన్సుల వరుస. ఈ లిస్టు రాస్తుండగానే హాల్ వాళ్ళ మెయిల్ వచ్చింది. బుకింగ్ ఫారంలో పండుగ అని రాశాం, పోస్టర్‌లో కారొలప్ కోసం నిధుల సేకరణ అని వేశాం. బయటివాళ్ళ దగ్గర డబ్బు వసూలు చేయాలంటే లైసెన్సు చూపించమంటున్నారు. లేదంటే హాల్ లేదు. డిపాజిట్ గురించి ఒక్క ముక్క రాయలేదు.

సౌండ్_డ్యూటీ | 6:52
లైసెన్సా? పోయినసారి వరద బాధితులకి వసూలు చేసినప్పుడు ఎవరూ అడగలేదే.

ట్రెజరర్ | 6:58
అప్పుడు మన సభ్యులమే వేసుకున్నాం. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో 1946 నాటి చారిటబుల్ కలెక్షన్స్ చట్టం ఉంది. జనం దగ్గర వసూలు చేయాలంటే దాని కింద లైసెన్సు తీసుకోవాలి. తొమ్మిది రోజుల్లో అయ్యే పని కాదు. పోస్టర్ వేసేముందు నేనే చూసుకోవాల్సింది, తప్పు నాదే.

నెల్లూరోడు | 7:15
నేను మొదటి మీటింగ్‌లోనే చెప్పాను. మన తెలుగు బడికి పుస్తకాలు లేవు. అకౌంట్‌లో ఉన్నది 640 డాలర్లు, అందులోంచి హాల్ డిపాజిట్ కూడా పోయేలా ఉంది. అంత పెద్ద యూనివర్సిటీకి మనం ఇచ్చే నాలుగు వందలు ఏ మూలకి? ఉగాదిని ఉగాదిలా చేసుకుని ఉంటే ఈ టెన్షన్ వచ్చేది కాదు.

కానింగ్‌వేల్_అక్క | 7:21
తమ్ముడూ, మీటింగ్‌లో అందరం చేతులెత్తాం, నువ్వు కూడా.

నెల్లూరోడు | 7:24
ఎత్తాను అక్కా, అందరూ ఎత్తారని ఎత్తాను. ఆ బొమ్మలు నేను చూసింది లేదు. పిల్లలు వేసిన కాగితం బొమ్మల కోసం మన పండుగ రోడ్డున పడింది.

కర్టిన్_వరంగల్ | 8:47
డ్యూటీ అయ్యి ఇప్పుడే చూశాను. అన్నా, కోపం తెచ్చుకోకుండా ఇది చదవండి. ఈ విషయం మీటింగ్‌లో పెట్టింది నేనే కాబట్టి చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

మన పెర్త్‌కి ఆగ్నేయంగా కటానింగ్ ఊరి దగ్గర కారొలప్ అని ఒక సెటిల్‌మెంట్ ఉండేది. ప్రభుత్వం ఇక్కడి ఆదివాసీలైన నూంగార్ వాళ్ళ పిల్లల్ని అమ్మానాన్నల దగ్గరనుంచి తీసుకొచ్చి అక్కడ ఉంచింది. 1940లలో నోయెల్ వైట్ అనే హెడ్‌మాస్టర్ వచ్చి, పిల్లల్ని అడవిలోకి నడిపించి, చూసింది గీయమన్నాడు. వాళ్ళు గీసింది ఆ హాస్టల్‌ని కాదు. సాయంత్రం ఆకాశం నారింజ రంగులో, దాని ముందు నల్లటి చెట్టు మోడు, దూరంగా కంగారూ. పదేళ్ళు, పన్నెండేళ్ళ పిల్లలు. ఇంటికి పోనివ్వని పిల్లలు తమ నేలని అంత బాగా గీశారు.

1949లో ఫ్లోరెన్స్ రటర్ అనే ఇంగ్లీషావిడ వచ్చి చూసింది. ఆవిడ ద్వారా ఆ బొమ్మలు యూరప్ దాకా వెళ్ళాయి. 1956లో హెర్బర్ట్ మేయర్ అనే న్యూయార్క్ ఆయన కొన్నాడు, 1966లో అమెరికాలోని కోల్‌గేట్ యూనివర్సిటీకి ఇచ్చాడు. తర్వాత అందరూ మర్చిపోయారు. 2004లో హోవర్డ్ మోర్ఫీ అనే ప్రొఫెసర్ అక్కడి గ్యాలరీ స్టోర్‌రూమ్‌లో చూసి గుర్తుపట్టాడు. 2013లో వందకి పైగా బొమ్మలు నూంగార్ నేలకి తిరిగొచ్చాయి. ఇప్పుడు మా కర్టిన్ యూనివర్సిటీలో, జాన్ కర్టిన్ గ్యాలరీ సంరక్షణలో ఉన్నాయి. రెవెల్ కూపర్, రేనాల్డ్ హార్ట్, పార్నెల్ డెంప్‌స్టర్, బారీ లూ. ఇవి అప్పటి పిల్లల పేర్లే.

కాగితం మీద సుద్ద రంగులు అన్నా. వెలుతురు తగిలేకొద్దీ వెలిసిపోతాయి, పోయిన రంగు మళ్ళీ రాదు. అందుకే మసక వెలుతురులో కొన్నాళ్ళు పెట్టి మళ్ళీ చీకట్లో దాచాలి. ఆమ్లం లేని అట్టలు వాడాలి, గదిలో వేడీ తేమా ఎక్కువతక్కువ కాకుండా ఏడాదంతా చూడాలి. ఒకసారి చేసి వదిలేసే పని కాదు. జనం వెనక ఉన్నారని తెలిస్తేనే ఇలాంటి పనికి డబ్బు ఆగకుండా వస్తుంది. నాలుగు వందల కంటే రెండు వందల మంది పేర్లు ముఖ్యం అనుకుని అడిగాను.

కానింగ్‌వేల్_అక్క | 9:05
ఒక్క వేసవి ఎండలో ఆరేస్తేనే పట్టుచీర మడత మీద గీత పడుతుంది. ఇవి డెబ్భై ఏళ్ళ నాటి కాగితాలు.

పెద్ద బాబాయ్ | 9:30
ఆలస్యంగా రాస్తున్నాను, అద్దాలు దొరకలేదు. నాకు ఒక విషయం తోచింది. మనకి ఆరు ఋతువులు, నూంగార్ వాళ్ళకీ ఆరే. బిరాక్, బునురు, జెరాన్, మకురు, జిల్బా, కంబరాంగ్. మనం పంచాంగంలో వసంతం అని చదివేటప్పటికి ఇక్కడ బునురు వెళ్ళి జెరాన్ వస్తుంటుంది, ఎండ తగ్గుతుంది. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో సంవత్సరం పేరు, వసంత ఋతువు అని చదువుతున్నాను. బయట ఏ ఋతువో ఒక్కసారీ చెప్పలేదు. ఈసారి రెండూ చెప్తాను. హాల్ ఉన్నా లేకపోయినా సరే.

నెల్లూరోడు | 10:02
బాబాయ్ గారూ, చెల్లెమ్మా, నేను తొందరపడ్డాను. మా అమ్మాయికి పదేళ్ళు. ఆ పోస్ట్ చదివాక ఇంకేం రాయాలో తెలియలేదు. పుస్తకాల సంగతి మాత్రం ఉగాది తర్వాత తప్పకుండా మాట్లాడాలి.

ట్రెజరర్ | 10:10
తప్పకుండా, మొదటి మీటింగ్‌లోనే. ఇప్పుడు హాల్ సంగతి చెప్పండి. పోస్టర్ మార్చి మళ్ళీ అడగనా?

కర్టిన్_వరంగల్ | శుక్రవారం, ఉదయం 7:20
ఇంకో మాట. ప్రింట్లు ఆపేయండి ప్లీజ్. నెట్‌లో దొరికిన బొమ్మల్ని మనం ప్రింట్ కొట్టకూడదు. వేసినవాళ్ళ కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి, వాళ్ళని అడగకుండా మన తోరణాల కింద వేలాడదీయడం తప్పు. రాత్రంతా ఇదే ఆలోచించాను. ముందే తట్టనందుకు సారీ.

సౌండ్_డ్యూటీ | 7:45
ఫ్రేములకి అడ్వాన్స్ ఇచ్చేశాను కదమ్మా.

కానింగ్‌వేల్_అక్క | 7:50
ఆ ఫ్రేముల్లో మన పిల్లల బొమ్మలు పెడదాం. వాళ్ళ ఇంటి చుట్టూ కనిపించేదే గీయమని చెప్దాం. కారొలప్ వాటిలా వేయమని మాత్రం వద్దు, ఎవరి బొమ్మ వాళ్ళది.

నెల్లూరోడు | 8:15
హాల్ వదిలేయండి. మా ఇంటి వెనక జాగా ఉంది, పక్కింటి పంజాబీ వాళ్ళు కూడా కంచె తలుపు తీస్తామన్నారు. రెండు వందల మంది పట్టరు. పొద్దున సగం, సాయంత్రం సగం రమ్మంటే సరిపోతుంది.

ట్రెజరర్ | 8:40
అయితే డబ్బా కూడా వద్దు. మనం పైసా వసూలు చేయం. ఎవరికి తోచింది వాళ్ళు యూనివర్సిటీకే నేరుగా పంపుతారు, రసీదు వాళ్ళ పేరునే వస్తుంది. రెండు డాలర్లు, ఆపైన ఇస్తే ట్యాక్స్‌లో కూడా చూపించుకోవచ్చు. ఎంత ఇచ్చారని మనం అడగొద్దు. ఇచ్చినవాళ్ళు "కారొలప్ కోసం" అని రాస్తే చాలు. డిపాజిట్ నేను అడుగుతాను, రాకపోతే నా జేబులోంచి వేస్తాను.

నెల్లూరోడు | 8:44
సగం నేను వేస్తాను.

కర్టిన్_వరంగల్ | 9:10
గ్యాలరీకి ఫోన్ చేశాను. ఇప్పుడు ఏ బొమ్మలు బయట పెట్టారో కనుక్కుని చెప్తామన్నారు. పిల్లల్ని పదిమంది చొప్పున తీసుకెళ్తాను. చేతిలో తినేవి, ఫ్లాష్ వద్దు.

పెద్ద బాబాయ్ | 9:25
మొదటి పదిమందిలో నన్నూ వేసుకో తల్లీ. మెట్లుంటే ముందే చెప్పు.

కానింగ్‌వేల్_అక్క | 9:31
పులిహోర రెండు విడతలు కలపాలంటే పెద్ద గిన్నె ఒకటే ఉంది. ఇంకొకటి ఎవరింట్లో ఉంది?

సౌండ్_డ్యూటీ | 9:33
మా ఇంట్లో ఉంది. మైకుతో పాటు కార్లో వేసుకొస్తాను.