పాత ఫోన్ విప్పాను, ర్యామ్ ఎక్కడుందో కనబడట్లేదు

ఈసీఈ_ఫైనలియర్:
అందరికీ నమస్తే. పాలిటెక్నిక్ చదువుతున్నా. కాలేజీ ఎగ్జిబిషన్‌కి ఒక ఫోన్ విప్పి, పార్టులన్నీ షీటు మీద అతికించి పేర్లు రాద్దామని మొదలుపెట్టాను. డిస్‌ప్లే పగిలి మూలపడ్డ మా బావ ఫోన్ దొరికింది. కెమెరాలు, లౌడ్‌స్పీకరు, వైబ్రేటరు తేలిగ్గానే తెలిసిపోయాయి. మదర్‌బోర్డు దగ్గర ఆగిపోయా. రేకు మూతల కింద పెద్ద ఐసీలు, అంటే చిప్పులు, రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద ఎమ్‌టీ6765వీ అని ఉంది, అది ప్రాసెసర్. రెండోదాని మీద శాంసంగ్ అని, కింద కేఎమ్‌తో మొదలయ్యే నంబరు. ఫోన్‌లో 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ రెండూ ఉండాలి కదా, ఉన్నది ఒక్క చిప్పే. ఐఫోన్ విప్పే వీడియోల్లో ర్యామ్ ప్రాసెసర్ మీదే కూర్చుంటుందని చెప్తున్నారు. ఇందులో అలా లేదు. మరి ర్యామ్ ఏది?

బెజవాడ_చిప్‌లెవెల్:
తమ్ముడూ, ముందు బ్యాటరీ కనెక్టర్ పీకావా లేదా అది చెప్పు. మూత తీయగానే మొట్టమొదట చేయాల్సిన పని అదే. అది ఉండగా స్క్రూడ్రైవర్ బోర్డు మీద జారితే షార్ట్ అయిపోద్ది. పీకడానికి కూడా ప్లాస్టిక్ ఓపెనరే వాడు.

ఇక నీ ర్యామ్. నువ్వు చూస్తున్న ఆ శాంసంగ్ చిప్పులోనే రెండూ ఉన్నాయి. ఈఎమ్‌సీపీ అంటాం. ఈఎమ్ఎమ్‌సీ స్టోరేజీ, ర్యామ్ ఒకే ప్యాకేజీలో పెట్టి అమ్ముతారు, బోర్డు మీద చోటూ ఖర్చూ కలిసొస్తాయి. తక్కువ రేటు ఫోన్లలో ఎక్కువగా ఇదే పద్ధతి. శాంసంగ్ వాళ్లవి కేఎమ్‌తో, హైనిక్స్ వాళ్లవి చాలావరకు హెచ్9తో మొదలవుతాయి. మైక్రాన్ చిప్పు మీద పూర్తి పేరు ఉండదు, అయిదక్షరాల కోడ్ ఒకటి ఉంటది. అది వాళ్ల సైట్లో కొడితే అసలు పార్ట్ నంబర్ వస్తది.

ఖరీదైన ఫోన్లలో నువ్వు విన్నదే నిజం. ప్రాసెసర్ కింద, ర్యామ్ దాని నెత్తిన. అక్కడ పైన కనబడే అక్షరాలు ర్యామ్‌వి. అది చదివి ప్రాసెసర్ కూడా ఆ కంపెనీదే అని కౌంటర్ దగ్గర వాదించేవాళ్లు మాకు కొత్తేం కాదు.

ఈసీఈ_ఫైనలియర్:
పీకేశానన్నా. బ్యాటరీ విడిగా పెట్టా. మిగతా చిన్న ఐసీల మీద అక్షరాలు సరిగ్గా కనబడట్లేదు. కొన్నింటి మీద నంబరే లేదు.

ఓరుగల్లు_రవళి:
నంబర్ల ఎంబడి పడకు తమ్మీ. ఐసీ చుట్టుపక్కల ఏమున్నయో జూడు, సగం పని అయిపోతది.

చుట్టూ బూడిద రంగు దిమ్మల లెక్క కాయిల్స్ వరసగా ఉన్నయంటే అది పవర్ ఐసీ. నీ బోర్డు మీద అది ఎమ్‌టీ6357 అయ్యుంటది, ఆ ప్రాసెసర్‌కు జోడీ అదే. కాయిల్స్ ఎందుకంటే, బ్యాటరీ ఇచ్చేది 3.8 వోల్టుల కాడ. ప్రాసెసర్ లోపలి భాగానికి కావాల్సింది వోల్టు కన్నా తక్కువ. మామూలు రెగ్యులేటర్‌తో అంత దించితే మిగిలిందంతా వేడి అయిపోతది. అందుకే ఎక్కువ కరెంటు తాగే లైన్లకు బక్ కన్వర్టర్లు, అంటే ఎక్కువ వేడి పుట్టకుండ వోల్టేజీ దించే సర్క్యూట్లు, పెడ్తరు, ఒక్కోదానికి ఒక కాయిల్. కెమెరా, సెన్సర్ల అసొంటి చిన్న లైన్లకు కాయిల్ ఉండదు, ఎల్‌డీఓ అనే ఆ మామూలు రెగ్యులేటరే చాలు.

కాయిల్స్ పవర్ ఐసీకి దూరంగా, డిస్‌ప్లే కనెక్టర్ పక్కన ఒకటో రెండో ఉంటే అది బ్యాక్‌లైట్ సర్క్యూట్. పక్కనే డయోడ్ కూడా దొరకొచ్చు. అక్కడ వోల్టేజీని దించుడు కాదు, పెంచుడు.

నెట్‌వర్క్ సెక్షన్‌కు వేరే రేకు మూత ఉంటది. అందులో ఎమ్‌టీ6177 అని కనబడితే అది ఆర్‌ఎఫ్ ఐసీ, అంటే రేడియో సిగ్నల్ జూసుకునేది. దాని నుంచి యాంటెన్నా దిక్కు పోయే దారిలో ఉండేటివి సిగ్నల్ బలం పెంచే పవర్ యాంప్లిఫయర్లు. రిపేరోళ్లు పీఎఫ్ఓ అంటరు. నాలుగు మూలలు, పైన మెరిసే రేకు ఉన్న చిన్న డబ్బా క్రిస్టల్, చిప్పులకు తాళం లెక్క టిక్కులు ఇచ్చేది, 26 మెగాహెర్ట్జ్.

ఈసీఈ_ఫైనలియర్:
అక్కా, కాయిల్స్ గుర్తుతో పవర్ ఐసీ దొరికేసింది! బోర్డు అంచు నుంచి కింద ఛార్జింగ్ బోర్డు దాకా సన్నటి నల్ల వైరు ఒకటి పోతోంది, రెండు చివరలా గుండ్రటి బంగారు బొత్తాం. ఛార్జింగ్‌కి వేరే రిబ్బన్ ఉంది కదా, ఇదెందుకు?

బెజవాడ_చిప్‌లెవెల్:
అది యాంటెన్నా కేబుల్, కోయాక్సియల్. మెయిన్ యాంటెన్నా ఫోన్ అడుగున ఉంటది, మాట్లాడేటప్పుడు తలకి దూరంగా. సిగ్నల్‌ని అక్కడిదాకా మోసేది అదే. డిస్‌ప్లే మార్చాక సిగ్నల్ రావట్లేదని తిరిగొచ్చే ఫోన్లలో ఆ బొత్తాం సరిగ్గా నొక్కనివి బోలెడు.

సైన్స్_మాస్టారు:
చూసేది స్కూలు పిల్లలైతే పక్కన పాత నోకియా 1100 కూడా పెట్టు బాబూ. 2003లో వచ్చింది, 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. టీ6 టార్క్స్ స్క్రూడ్రైవర్ ఉంటే చాలు, జిగురు గొడవ లేదు. ప్రాసెసర్‌ను యూపీపీ, పవర్, ఆడియో చూసుకునే ఐసీని యూఈఎమ్ అనేవారు. టార్చి ఎల్ఈడీ, రింగరు, కీప్యాడ్ డోమ్ షీటు విడివిడిగా చేతికి వస్తాయి. అందులో 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది, గడియారం కోసం. ఆ అంకె ఎందుకని పిల్లల్ని అడగండి. 32,768ని సగం చేస్తూ పోతే 15 మెట్లలో ఒకటికి వస్తుంది, అంటే సెకనుకి ఒక టిక్కు. మా తొమ్మిదో తరగతి పిల్లలకి ఘాతాంకాల పాఠం కన్నా ఇది బాగా ఎక్కింది.

బెజవాడ_చిప్‌లెవెల్:
మాస్టారూ, మీ మాట కాదనను గానీ ఆ బోర్డు చూసి ఇప్పటి ఫోన్ అర్థం కాదండి. కుర్రాడు రేపు పనిలోకొస్తే చేతికొచ్చేది ఈఎమ్‌సీపీలూ, అడుగున సోల్డర్ గుండ్లతో అతికించే బీజీఏ చిప్పులూ.

సైన్స్_మాస్టారు:
అందుకే పక్కన పెట్టమన్నాను, బదులుగా కాదు.

ఓరుగల్లు_రవళి:
బ్యాటరీని మాత్రం షీటుకు అతికియ్యకు. అదే సైజు అట్టముక్క కోసి మీద పేరు రాయి. ఎగ్జిబిషన్‌ల ఎవరో ఒకరు గుండుసూదితోని పొడిచి చూస్తరు. లిథియం బ్యాటరీకి చిల్లు పడితే లోపల షార్ట్ అయ్యి మంట లేస్తది. ఉబ్బినదైతే ముట్టుకోనే ముట్టుకోకు. చెత్తబుట్టల కూడా ఎయ్యొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు సేకరించే బాధ్యత తయారీదార్లదే, సర్వీస్ సెంటర్ల అడుగు.

ఈసీఈ_ఫైనలియర్:
అట్టముక్కే పెడతా. ఆఖరిది ఒకటుంది. ఛార్జింగ్ బోర్డు మీద బియ్యపుగింజంత రేకు డబ్బా, దాని వెనకవైపు బోర్డుకే సూది మొనంత రంధ్రం. ఆ రంధ్రం డ్రిల్లింగ్‌లో పడిందా, కావాలని పెట్టారా?

బెజవాడ_చిప్‌లెవెల్:
కావాలనే. అది మైకు, మెమ్స్ రకం, అంటే చిప్పులా సిలికాన్ మీద చేసిన బుల్లి మైకు. గొంతు ఆ రంధ్రంలోంచే లోపలికెళ్తది. బోర్డు పైభాగాన అలాంటిదే ఇంకోటి ఉందేమో చూడు. ఉంటే అది చుట్టుపక్కల రొద తగ్గించడానికి. పేరు రాసేటప్పుడు రెంటినీ కలిపెయ్యకు.

ఈసీఈ_ఫైనలియర్:
పైన కూడా ఉందన్నా, హెడ్‌ఫోన్ జాక్ పక్కన. ‘మైకు 2’ అని రాసేశా.