మహిళల విభాగంలో ట్రాన్స్‌జెండర్ క్రీడాకారిణులు: మీ అభిప్రాయం ఏమిటి?

చిత్తూరు, ఒక తల్లి:
మా అమ్మాయి జిల్లా స్థాయిలో 400 మీటర్ల పరుగు పోటీలకు వెళుతుంది. మొన్న మైదానంలో తల్లిదండ్రుల మధ్య ఈ విషయం వచ్చి పెద్ద వాదనే అయింది. మగవారి యుక్తవయసు మార్పులు పొందిన ట్రాన్స్ మహిళలను మహిళల అంతర్జాతీయ పోటీలకు అనుమతించేది లేదని ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2023 మార్చిలో నిర్ణయించింది. అది న్యాయమేనని నేను నమ్ముతున్నాను.

తిరుపతి, వ్యాయామ ఉపాధ్యాయుడు:
అమ్మా, మీ మాటను తోసిపుచ్చను. ఉన్నత స్థాయి పరుగులో స్త్రీ పురుషుల మధ్య తేడా సుమారు 10 నుంచి 12 శాతం ఉంటుంది. యుక్తవయసులో పెరిగిన ఎత్తు, ఎముకల పొడవు ఆ తరువాత టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్‌ను తగ్గించినంత మాత్రాన తగ్గవు. ప్రపంచ పతకాల దగ్గర ఆ నిబంధనను నేను తప్పుపట్టను. నా బాధంతా అనుమానం గురించే. పుదుక్కోట్టై జిల్లాకు చెందిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిస్తే, లింగ పరీక్ష పేరుతో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆమె ఆడపిల్లగానే పుట్టి పెరిగారు. ఒడిశా పరుగు క్రీడాకారిణి ద్యుతీ చంద్‌ను, ఒంట్లో సహజంగానే ఆ హార్మోన్ ఎక్కువగా ఉందని, 2014 కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు; ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లి, 2015లో ఆ హార్మోన్ నిబంధన అమలును ఆపించగలిగారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన తెలుగమ్మాయి అగసర నందిని ఏడు అంశాల హెప్టాథ్లాన్‌లో కాంస్యం సాధించినప్పుడు, నాలుగో స్థానంలో నిలిచిన భారత క్రీడాకారిణి ఆధారమేదీ చూపకుండా ఆమెను ట్రాన్స్‌జెండర్ అని రాసి, తరువాత ఆ మాటను తొలగించి క్షమాపణ చెప్పారు. గొంతు కాస్త బరువుగా ఉన్నా, జుట్టు పొట్టిగా ఉన్నా ఆ చూపు మన పిల్లల మీద కూడా పడుతుంది.

తిరుపతి, డిగ్రీ విద్యార్థిని:
గంగమ్మ జాతరలో మగవారు చీర కట్టుకుని వస్తే దండం పెట్టే ఊరు మనది. ట్రాన్స్‌జెండర్ అమ్మాయి పరుగెత్తితే అభ్యంతరం ఎందుకు?

వ్యాయామ ఉపాధ్యాయుడు:
అమ్మాయీ, జాతరలో వేసేది మొక్కుబడి వేషం. ఆ రోజుతో తీరిపోతుంది. ఇది ఒక మనిషి బతుకు. ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును సుప్రీంకోర్టు 2014లోనే అంగీకరించింది. రెంటినీ కలిపితే వారికి గౌరవం దక్కదు.

చిత్తూరు, ఒక తల్లి:
అయితే గీత ఎక్కడ గీయాలి, సార్?

వ్యాయామ ఉపాధ్యాయుడు:
రాష్ట్ర జట్టును ఎంపిక చేసే పోటీలకు సమాఖ్య నిబంధన ఉండనివ్వండి. బడి ఆటల్లో, ఊరి పరుగుల్లో మాత్రం ఎవరినీ ఆపకూడదు. ఏ స్థాయిలోనైనా తల్లిదండ్రుల ఫిర్యాదు మీద ఒక పిల్లను పరీక్షకు పంపడాన్ని నేను ఒప్పుకోను.

చిత్తూరు, ఒక తల్లి:
ఎంపిక పోటీల విషయంలో నా మాటా అదే. ఫిర్యాదుల గురించి మీరన్నది నిజం. మొన్న ఆ వాదనలో ఒక అమ్మాయి పేరు ఎత్తినవారిలో నేనూ ఉన్నాను. వాళ్లమ్మతో మాట్లాడతాను.