సమురాయ్ ఆటలో పరువుకి పాయింట్లు ఉండాలా, వద్దా?

పాచికల పెట్టె:
మా ఇంట్లో ఆదివారాలు టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటకి గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపేది, నేనే. మా క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) జపాన్‌లో 1600 వేసవిలో, తొకుగవా ఇయెయాసు గెలిచిన సెకిగహరా యుద్ధానికి ముందు మొదలవుతుంది. ప్రతి పాత్రకీ పదికి ఇన్ని అని పరువు పాయింట్లు పెట్టాను. మొన్న ఒకతని సమురాయ్ తన ప్రభువుకి తెలియకుండా ఇయెయాసు పక్షానికి ఉత్తరం రాశాడు. నేను అతని షీటు (పాత్ర వివరాలు రాసుకునే కాగితం) తీసుకుని 7 చెరిపి 3 వేశాను. అతను పెన్సిల్ పక్కన పెట్టేసి, "తప్పో ఒప్పో తేల్చేది నువ్వే అయితే ఇక నేను ఆడేదేముంది?" అన్నాడు. ఆ రోజు ఆట అక్కడే ఆగిపోయింది. నేను చేసింది తప్పంటారా?

చెరువుగట్టు:
తప్పేనండి. మీరు ఎంచుకున్న ఏడాది చూసే చెబుతున్నా. కొబయకావా హిదెయాకి, ఇయెయాసుకి ఎదురు నిలిచిన పశ్చిమ సేనతో వచ్చి మత్సువో కొండ మీద దిగాడు. మధ్యాహ్నం దాకా కదల్లేదని చెబుతారు. చివరికి కొండ దిగి సొంత పక్షం మీదే పడ్డాడు, యుద్ధం అటు తిరిగిపోయింది. ఇయెయాసు అతనికి ఒకాయామా ఇచ్చాడు. తోదో తకతోరా మామూలు సైనికుడిగా మొదలై, ఎందరో ప్రభువుల దగ్గర కొలువు చేసి పెద్ద దైమ్యో (సొంత భూములు, సైన్యం ఉన్న ప్రభువు) అయ్యాడు. వీళ్లకి మీరు పదికి ఎన్ని వేస్తారు?

ఎర్రసిరా:
అదే ఏడాది ఇయెయాసు మనిషి తొరీ మొతొతదా కూడా ఉన్నాడు కదా, ఆయన్ని వదిలేస్తే ఎలా? సుమారు రెండు వేల మందితో ఫుషిమి కోటలో ఉండిపోయాడు. ముట్టడించినవాళ్లు పదుల వేలు. గెలవలేనని తెలిసి కూడా, ఇయెయాసుకి కొన్ని రోజులు వ్యవధి దొరకాలని నిలబడి ప్రాణం ఇచ్చాడు. ఆ కోటలో నెత్తురు మరకలు పడిన చెక్కలే ఇవి అని క్యోటోలో యోగెన్‌ఇన్ గుడి సీలింగులో ఇప్పటికీ చూపిస్తారు. ఒకసారి పాయింట్లు తీసేసి ఆడించి చూశాను. మూడో సెషన్‌కే అందరూ ఎక్కువ ఇచ్చేవాడి వైపు చేరారు. కత్తులు మిగిలాయి గానీ సమురాయ్ ఒక్కడూ మిగల్లేదు.

చెరువుగట్టు:
పరువుకి బరువు ఉండాలి, నిజమే. అది అంకెలో కాదు, ఎదుటి మనుషుల్లో ఉండాలంటున్నా. ఆ రోజు కొబయకావా వెంట మరో నలుగురు పక్షం మార్చారు. వాళ్లలో వకిజకా యసుహరు ముందే ఇయెయాసుకి మాట పంపి ఉన్నాడు, అతని భూములు అతనికే మిగిలాయి. ఒగావా, అకజా ముందుగా చెప్పలేదు, ఇద్దరి భూములూ పోయాయి. అదే రోజు, అదే పని! ఇది ఏ పాయింట్ల పట్టికలో పడుతుంది? షీటులో పరువు గడి కొట్టేసి, ఎన్ని కోకుల జీతం, తనవాళ్లు ఎవరు బందీగా ఉన్నారు, ఎవరికి మాటిచ్చాడు అని రాయించండి. ఒక కోకు అంటే ఒక మనిషికి ఏడాది తిండికి సరిపడే బియ్యమని లెక్క. 200 కోకులని చూడగానే ఎన్ని పొట్టలు తన మీద ఉన్నాయో ఆటగాడికి తెలిసిపోతుంది. పశ్చిమ పక్షాన్ని నడిపిన ఇషిదా మిత్సునారి దైమ్యోల భార్యాబిడ్డల్ని ఒసాకాలో బందీలుగా పట్టబోయినప్పుడు ఒక దైమ్యో భార్య హొసొకావా గ్రాషియా ప్రాణమే పోయింది. "నీ భార్య ఒసాకాలో ఉంది" అని ఒక్క మాట అనండి, ఉత్తరం రాసే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

నీలిగొడుగు:
చావుకి సిద్ధపడటమే సమురాయ్ దారి అని చెప్పే హగకురె అనే పుస్తకం పూర్తయింది 1716లో, యుద్ధాలు ఎప్పుడో ఆగిపోయాక. సమురాయ్ నీతి మీద నితొబె రాసిన బుషిదో పుస్తకం 1900లో, అదీ ఇంగ్లీషులో వచ్చింది. 1700ల కథ అయితే పాయింట్లు అతుకుతాయేమో. 1600కి అతకవు.

ఎర్రసిరా:
కాలం సంగతి ఒప్పుకుంటాను. కానీ రెండు నెలలు పోతే ఎవరు ఎవరికి మాటిచ్చారో గేమ్ మాస్టర్‌కే గుర్తుండదు. అంకె మర్చిపోదు.

పాచికల పెట్టె:
అందుకే ఇచ్చిన మాటలన్నీ ఒక పెద్ద కాగితం మీద రాసి, అందరికీ కనబడేలా టేబుల్ మధ్యలో పెడుతున్నాను. నిన్న అతనికి ఫోన్ చేసి ఆ 3 కొట్టేశానని చెప్పాను. అతని ఉత్తరానికి జవాబు కూడా సిద్ధం చేశాను. ఇయెయాసు తరఫున వచ్చే మనిషి ఒక్కటే అడుగుతాడు: "నీ కొడుకుని మా దగ్గర ఉంచుతావా?" ఆదివారం వస్తానన్నాడు.